ఇసుకతో మౌలాలి గుట్ట వేస్తున్నాను, ఆరిన తరువాత రాలిపోతోంది. ఏమి చేయాలి?

మేడమీది మల్లె (ప్రశ్న, జులై రెండో వారం)

అందరికీ నమస్కారం. మా ఇల్లు హైదరాబాద్‌లోని మౌలాలిలో. మేడ ఎక్కితే ఎదురుగా గుట్ట, దాని నెత్తిన దర్గా. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే బట్టలు ఆరేస్తూ మొదట చూసేది ఆ గుట్టనే. దసరా లోపు ఈ ఇల్లు ఖాళీ చేసి మియాపూర్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ తొమ్మిదో అంతస్తు. కిటికీ తెరిస్తే ఎదుటి అపార్టుమెంటు కిటికీలే. గుట్టను నాతో తీసుకుపోవాలని ఉంది. ఫోటోలు చాలా ఉన్నాయి కానీ ఫోటోలో గుట్ట నున్నగా ఉంటుంది. చేత్తో తడిమితే రాయి తగలాలి. అందుకే ఇసుక కలిపి వేద్దామనుకున్నాను.

చేసినది చేసినట్టు చెబుతాను. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న కాన్వాసు కొన్నాను. మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. అక్కడి మేస్త్రీని అడిగి చిన్న బకెట్టుతో ఇసుక తెచ్చుకుని పిండి జల్లెడతో జల్లించాను. బూడిద రంగు ఇసుక, పట్టుకుంటే గుచ్చుకుంటుంది. దాన్ని నేరుగా అక్రిలిక్ రంగులో కలిపితే గట్టి ముద్ద అయింది. నీళ్ళు పోస్తూ దోసెల పిండి జారుకు తెచ్చి, వెన్న రాసే కత్తితో కాన్వాసు మీద పరిచాను. గుట్ట నడుమ భాగం బాగా పొంగి కనిపించాలని అక్కడ వేలి మందాన వేశాను.

రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. ఇప్పుడు చేత్తో రాస్తే ఇసుక పొడిపొడిగా రాలుతోంది. నేల మీద పరిచిన పాత చీర నిండా అదే. మందంగా వేసిన చోట చెరువు ఎండినట్టు నెర్రెలు పడ్డాయి. బరువుకు కాన్వాసు మధ్యలో తొట్టిలా వంగింది.

ఈ మూడింటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది రంగు. మా గుట్ట ఎండ పొడ తగిలే వేళ గులాబి, మధ్యాహ్నం తెల్లటి బూడిద, వాన పడితే దాదాపు నలుపు. కావి, తెలుపు కలిపి నేను తీసిన గులాబి తడిగా ఉన్నప్పుడు సరిగ్గా అదే. చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆరేసరికి పూత వేయని సిమెంటు గోడ అయింది.

ఎక్కడ తప్పు చేశాను? ఈ కాన్వాసును బాగు చేయవచ్చా? మా చెల్లెలు వచ్చే వారం బాపట్ల నుంచి వస్తోంది, సూర్యలంక సముద్రతీరం నుంచి ఇసుక తెస్తానంటోంది. అది వాడవచ్చా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు దసరా దాకానే సమయం ఉంది.

తాపీమేస్త్రీ కూతురు

అక్కా, మీ ప్రశ్న చదివి వెంటనే రాస్తున్నాను. మా నాన్నగారు నలభై ఏళ్ళు తాపీ పని చేశారు. నేను పదకొండేళ్ళుగా ఇసుకతో బొమ్మలు వేస్తున్నాను. రంగుల పని తరువాత నేర్చుకున్నాను, ఇసుక పని మాత్రం ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

ముందు మీ ఇసుక సంగతి. బూడిద రంగులో ఉండి చేతికి గుచ్చుకుంటోందంటే అది రోబో ఇసుక, అంటే క్రషర్‌లో రాయిని పిండి చేసి తీసినది. అందులో రేణువులతో పాటు రాతి దుమ్ము చాలా ఉంటుంది. మీరు పిండి జల్లెడతో జల్లించారు కదా, దానివల్ల ముతక రేణువులు పైన ఉండిపోయి, దుమ్మంతా కిందికి దిగి మీ రంగులో చేరింది. దుమ్ముకు దాహం ఎక్కువ. గుప్పెడు ఇసుక రేణువులన్నింటికీ పూత పట్టే జిగురు గుప్పెడు దుమ్ముకు ఏ మూలకూ చాలదు. పైగా నీళ్ళు పోశారు. అక్రిలిక్ రంగులో పట్టి ఉంచేది నీళ్ళలో తేలుతున్న సన్నని ప్లాస్టిక్ రేణువులు. నీరు ఆవిరైపోతుంటే అవి దగ్గరికి జరిగి, ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. నీళ్ళు ఎక్కువైతే అవి పలచబడి పొర కట్టలేవు. ఉన్న కాస్త జిగురును దుమ్ము తాగేసింది, మిగిలినదాన్ని నీళ్ళు పలచన చేశాయి. రాలక ఏమి చేస్తుంది? సిమెంటు రంగు కూడా ఆ దుమ్ముదే. గులాబిలో బూడిద కలిపినట్టయింది.

మా నాన్నగారు ఇసుక లారీ రాగానే మేస్త్రీలందరి ముందు ఒక పని చేసేవారు. కుప్ప లోపలి నుంచి గుప్పెడు తడి ఇసుక తీసి గట్టిగా పిడికిలి బిగించి, వదిలి, అరచెయ్యి తిప్పి చూసేవారు. అరచేతి గీతల్లో మట్టి నిలిస్తే ఆ ఇసుక గోడకు పనికిరాదు. గీతలు శుభ్రంగా కనిపిస్తే దించుకోమనేవారు. మీరూ అదే చేయండి. ఇంకా తేలిగ్గా తెలియాలంటే గాజు గ్లాసులో సగం ఇసుక, పైన నీళ్ళు పోసి, మూత పెట్టి బాగా ఊపి గంట సేపు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కు దిగుతుంది, దాని మీద మెత్తటి బురద పొర విడిగా కనిపిస్తుంది. మీ బూడిద ఇసుకలో ఆ పొర ఎంత మందం ఉంటుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఏటి ఇసుక సంపాదించండి. హార్డ్‌వేర్ దుకాణాల్లో చిన్న సంచీ అడిగితే ఇస్తారు. లేదా చేపల తొట్టెల దుకాణంలో సన్న ఇసుక దొరుకుతుంది, అది చాలావరకు కడిగే ఉంటుంది. ఏ ఇసుకైనా మళ్ళీ కడగండి. బకెట్టులో పోసి, నీళ్ళు పట్టి, చేత్తో అడుగు నుంచి కలియబెట్టి, ఇసుక దిగగానే పైన బురద నీళ్ళు ఒంపేయాలి. ఏడెనిమిది సార్లకు నీళ్ళు తేటగా వస్తాయి. ఆ నీళ్ళు మొక్కలకు పోయండి, సింకులో మాత్రం పోయకండి. తరువాత గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిన ఇసుకను టీ వడకట్టే జల్లితో ఒకసారి, పిండి జల్లెడతో ఒకసారి జల్లిస్తే ముతక, నడి, సన్న మూడు రకాలు చేతికొస్తాయి. గుట్టకు మూడూ కావాలి.

సూర్యలంక ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది, కొన్ని నెలలకు రంగు మీద తెల్లటి పొడి పూస్తుంది. మంచినీళ్ళతో పది సార్లు కడిగితే వాడవచ్చు. కానీ మౌలాలి గుట్టకు సముద్రపు ఇసుక ఎందుకు అక్కా?

ఆ కాన్వాసును బాగు చేసే ప్రయత్నం చేయకండి. గుడ్డ వంగితే ఆరిన ఇసుక పొర దానితో పాటు వంగలేక చిట్లుతుంది. ప్లైవుడ్ తీసుకోండి, తొమ్మిది మిల్లీమీటర్ల మందం. వెనక అడ్డంగా, నిలువుగా రెండు చెక్క పట్టీలు కొట్టించండి. ముందు వైపే కాక వెనక వైపూ, అంచులకూ జెస్సో, అంటే రంగుకు ముందు వేసే తెల్లటి అడుగు పూత, పూయాలి. ఒక వైపే పూస్తే పలక వంకర తిరుగుతుంది. ఈ ముసురులో మరీను. లెక్క వేసి చూడండి: మూడడుగులు, రెండడుగుల పలక మీద అంతటా మూడు మిల్లీమీటర్ల మందాన వేస్తే లీటరున్నర పైగా ముద్ద పడుతుంది, అంటే దాదాపు రెండున్నర కిలోలు. పలకతో కలిపి ఆరు కిలోలకు వస్తుంది. ఒక మేకు సరిపోదు, గోడకు ప్లగ్గులు దింపి రెండు స్క్రూలు బిగించాలి.

ఇక ముద్ద కలపడం. రంగులో నేరుగా కలపకండి. అక్రిలిక్ జెల్ మీడియం, అంటే రంగు కలపని చిక్కటి అక్రిలిక్ జిగురు, ఒక కప్పు, ఇసుక ఒక కప్పు. బాగా గరుకు కావలసిన చోట ఇసుక కప్పున్నర వరకు వెళ్ళవచ్చు, అంతకు మించితే రాలుతుంది. నీళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు. ముద్ద గట్టిగా అనిపిస్తే జెల్ ఇంకొంచెం వేయండి. ఒకసారికి రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. ఎక్కువ మందం వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. ఆ లోపలి నీరు బయటికి పోయేటప్పుడు ముద్ద కుంచించుకుపోతుంది, పైతోలు చీలుతుంది. మీ నెర్రెలకు కారణం అదే. గుట్ట పొంగాలంటే పొర మీద పొర వేయాలి, పొరకూ పొరకూ నడుమ ఈ వానల్లో రెండు రోజులు ఆగాలి.

ఆ గుట్ట కూడా పొరలుగానే ఉంది, ఎప్పుడైనా గమనించారా? దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు మన హైదరాబాద్ రాయి. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంది. ముద్ద పచ్చిగా ఉండగానే కత్తి అంచుతో ఆ పెచ్చుల గీతలు తీయండి. కుంచెతో తరువాత గీసిన గీత గీతలాగే ఉంటుంది. ముద్దలో తీసిన గీతకు నీడ పడుతుంది.

రంగుల మాస్టారు

అమ్మా, నేను ఇరవై ఏడేళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పైన చెల్లెమ్మ చెప్పినవన్నీ ఆచరించదగ్గవి. రెండు మాటలు చేరుస్తాను.

మొదటిది మీ ఆరోగ్యం గురించి. ఆరిన రోబో ఇసుకను జల్లించేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. రాతి క్వారీ కూలీల ప్రాణం తీసే సిలికోసిస్ ఈ దుమ్ము వల్లే వస్తుంది. ఒక్క బకెట్టుకు భయపడాల్సిన పని లేదు కానీ, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకుని బాల్కనీలో జల్లించండి. ఆరిన బొమ్మను గరుకు కాగితంతో రుద్దే పని అసలు పెట్టుకోవద్దు.

రెండోది, ఇసుకను కలిపి పూయడం ఒక పద్ధతి, చల్లడం ఇంకో పద్ధతి. 1912లో ఫ్రాన్సులో జార్జ్ బ్రాక్ అనే చిత్రకారుడు తన రంగుల్లో ఇసుక కలిపి వేశాడు. 1926, 27 ప్రాంతంలో ఆండ్రే మాసన్ అనే మరో చిత్రకారుడు కాన్వాసు మీద జిగురు పోసి, పైన ఇసుక చల్లి, పలకను వంచి అంటని ఇసుకను దులిపేశాడు. మీ గుట్ట ఒంటికి బ్రాక్ పద్ధతి, పాదాల దగ్గర మట్టి, గడ్డి, తుప్పలు ఉండే చోట మాసన్ పద్ధతి పనికొస్తాయి. మా పిల్లలకు ఇలాగే చెప్పేవాణ్ణి: ముగ్గు వేసే చేత్తో చల్లండి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా వదలండి. ముగ్గు వేసే అలవాటు ఉన్నవారికి ఈ పని ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆకాశంలో మాత్రం ఒక్క రేణువు కూడా వేయకండి. ఆకాశం ఎంత నున్నగా ఉంటే గుట్ట అంత గరుకుగా కనిపిస్తుంది.

కొత్తపేట వాసి

జెల్ మీడియం ఖరీదు ఎక్కువ కదా. గోడలకు పూసే పుట్టీలో ఇసుక కలిపి వేస్తే చవకగా అవుతుంది. నేను ఒక చిన్న బొమ్మ అలాగే వేశాను, బాగానే ఉంది. ఫెవికాల్ కూడా వాడవచ్చు.

తాపీమేస్త్రీ కూతురు

సోదరా, చిన్న బొమ్మ, అదీ గట్టి పలక మీద, పలుచని పొర అయితే పుట్టీ నిలుస్తుంది. ఒప్పుకుంటాను. కానీ పొడి పుట్టీకి ఆధారం తెల్ల సిమెంటు. ఆరితే రాయిలా గట్టిపడుతుంది కానీ కొంచెం కూడా వంగదు. అక్క బొమ్మ మౌలాలి నుంచి మియాపూర్ దాకా ట్రాలీ ఆటోలో వెళ్ళాలి. నగరం ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని గుంతలో మీకు తెలుసు. అక్రిలిక్ ఆరాక కూడా కాస్త సాగుతుంది, అదుర్లను ఓర్చుకుంటుంది. మామూలు తెల్ల ఫెవికాల్ చెమ్మకు మెత్తబడుతుంది. సాధన కోసం వేసే బొమ్మలకు నేనూ అదే వాడతాను, దాచుకోవాలనుకున్న బొమ్మకు వాడను.

ఖర్చు తగ్గించుకోవాలంటే దారి ఉంది. అడుగు పొరలకు రాతి ముగ్గుపిండి కలపండి. బజారులో అమ్మే తెల్లటి ముగ్గు చాలావరకు సున్నపురాయి జాతి రాతి పొడే. దాన్ని మెత్తగా జల్లించి, చవక రకం తెల్ల అక్రిలిక్ రంగులో, చెంచాడు జెల్ వేసి చపాతీ పిండిలా కలిపితే మంచి అడుగు ముద్ద వస్తుంది. గుట్ట ఆకారం దాంతో పెంచుకుని, పైపొర ఒక్కటీ జెల్, ఇసుకతో వేయండి. 1591లో కట్టిన చార్మినార్ మీది పూలు, తీగలు ఒకసారి దగ్గరగా చూడండి. అది గారపని. అడుగున ముతక సున్నం, పైకి వచ్చేకొద్దీ మెత్తన. పాతబస్తీలో మరమ్మతు పనికి వెళ్ళినప్పుడు నాన్నగారు నన్ను ఎత్తుకుని ఒక పాత గోడ మీది పువ్వు అంచును తడిమించారు. విరిగిన చోట పొరలు వేలికి తెలిశాయి. నాకు అప్పుడు ఏడేళ్ళు.

అక్కా, రంగు గురించి రాయడం మరిచాను. ముద్దలో రంగు కలపకండి. ఇసుక పొర పూర్తిగా ఆరాక మొత్తం మీద ముదురు రంగు పలుచగా పారించండి. కావి రంగూ, అల్ట్రామెరైన్ నీలమూ కలిపితే మంచి నల్లని బూడిద రంగు వస్తుంది, ట్యూబులో నలుపు కంటే అది రాయికి దగ్గర. అది గుంతల్లో నిలుస్తుంది. ఆరాక కుంచెను గులాబిలో ముంచి, పాత గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్న కుంచెను రేణువుల నెత్తి మీద అలా తగిలీ తగలకుండా లాగండి. రంగు రేణువుల కొసలకే అంటుతుంది, గుంతలో నీడ అలాగే ఉంటుంది.

మేడమీది మల్లె (ఆగస్టు మూడో వారం)

అందరికీ మళ్ళీ నమస్కారం. ఇన్ని రోజులు రాయనందుకు మన్నించండి. చేసి చూపించాకే రాయాలనుకున్నాను.

గ్లాసు పరీక్ష చేశాను చెల్లీ. బూడిద ఇసుక మీద బురద పొర నా చిటికెన వేలి మందం ఉంది. గ్లాసును వంటగది గట్టు మీద అలాగే ఉంచాను. మావారు వచ్చి ఏమిటిదని అడిగితే మొదటి బొమ్మ ఎందుకు రాలిందో ఆయనకు కూడా చూపించాను. ఏటి ఇసుక చేపల తొట్టెల దుకాణంలో దొరికింది. తొమ్మిది సార్లు కడిగాను. ఎనిమిదోసారి నీళ్ళలో నా గాజులు స్పష్టంగా కనిపించాయి, అయినా ఇంకోసారి కడిగాను.

ప్లైవుడ్ పలకకు పట్టీలు మా వీధి వడ్రంగి కొట్టి ఇచ్చాడు. ముగ్గుపిండితో అడుగు పొరలు రెండు, జెల్, ఇసుకతో పైపొరలు రెండు. పొరకు రెండు రోజులని మీరు చెప్పారు. ఒకసారి ముసురు పట్టి నాలుగు రోజులు ఆగాను. వేలితో నొక్కితే చల్లగా తగిలినంతకాలం లోపల తడి ఉన్నట్టేనని నాకు నేనుగా తెలుసుకున్నాను. ఒక్క నెర్రె లేదు. అరచేత్తో గట్టిగా రాస్తే ఒక్క రేణువు రాలలేదు.

మాస్టారు చెప్పినట్టు గుట్ట పాదాల దగ్గర ఇసుక చల్లాను. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఆకాశం నున్నగా వదిలేశాను.

రంగు దగ్గర మాత్రం రెండు రోజులు భయపడ్డాను. ముదురు రంగు పారించగానే గుట్ట మొత్తం వానలో తడిసినట్టు నల్లబడింది. చేజేతులా పాడు చేసుకున్నానని అనిపించింది. మర్నాడు పొడి కుంచె పట్టుకున్నాను. మొదటి గీత ఎడమ భుజం దగ్గర, ఎండ మొదట పడే చోట. గులాబి రేణువుల కొసల మీద నిలిచింది, సందుల్లో వాన నలుపు ఉండిపోయింది. పొద్దున ఏడింటికి గుట్ట ఎలా ఉంటుందో సరిగ్గా అలా. మొదటి కాన్వాసు పారేయలేదు. కొత్తదాని మీద వేసే ప్రతి రంగునూ ముందు దాని మీద వేసి చూసుకున్నాను.

ఒకటి మీరెవరూ చెప్పనిది నేను చూశాను. గుట్ట మీద వాన నీరు కారే దారుల్లో నల్లటి చారలు ఉంటాయి, ఎండాకాలంలో కూడా పోవు. వాటిని కుంచెతో గీస్తే కాటుక గీతల్లా వచ్చాయి. తుడిచేసి, పలకను గోడకు నిలబెట్టి, నల్లని నీళ్ళ రంగును పైన చుక్కగా వదిలాను. అది రేణువుల మధ్య దారి వెతుక్కుంటూ, ఆగుతూ, పక్కకు తిరుగుతూ తనంతట తానే కిందికి దిగింది. అసలు గుట్ట మీద నీరు దిగినట్టే.

ఇప్పుడు రెండు సందేహాలు. వార్నిష్ వేయాలా? కొత్త ఇంట్లో హాలులో దీపం సరిగ్గా బొమ్మకు ఎదురుగా ఉంది, అక్కడ పెట్టవచ్చా?

తాపీమేస్త్రీ కూతురు

అక్కా, ఆ చారల మాట చదివి మా నాన్నగారికి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

వార్నిష్ వేయండి, మెరుపు లేని మ్యాట్ రకం. మెరిసేది వేస్తే రాయి పోయి ప్లాస్టిక్ అవుతుంది. వారం పది రోజులు బాగా ఆరాక, పలుచగా రెండు సార్లు. వార్నిష్ నురగ గుంతల్లో నిలిస్తే తెల్లటి మచ్చలుగా ఆరుతుంది, అందుకని మెత్తటి కుంచెతో నెమ్మదిగా. తరువాత దుమ్ము పడితే తడి గుడ్డ పెట్టకండి, పొడి కుంచెతో దులపండి.

ఎదురు దీపం వద్దు. ఎదుటి నుంచి వెలుగు పడితే నీడలన్నీ పోయి గుట్ట చదునవుతుంది. పక్క నుంచి వెలుగు రావాలి. కిటికీ ఉన్న గోడకు కాకుండా దాని పక్క గోడకు తగిలించండి. మీ మేడ మీద ఎండ గుట్టకు ఏ వైపు నుంచి పడుతుందో ఆ వైపే కిటికీ ఉండేలా చూసుకోండి.

మేడమీది మల్లె

ఎడమ వైపు నుంచి. కొత్త ఇంట్లో హాలు కిటికీ కూడా తూర్పుకే ఉంది, దానికి కుడి పక్క గోడ ఖాళీ. ఆదివారం వెళ్ళి ప్లగ్గులు దింపించి వస్తాం. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు చెల్లీ. గుట్ట ఇక్కడ ఉన్నంతలో ఒకసారి ఆయన్ను తీసుకుని మా మేడకు రా.